శాంపిల్ పాలు

తొంభైల చివర్లో, తూర్పు గోదావరిలో ఒక చిన్న మున్సిపాలిటీకి నేను ఫుడ్ ఇన్‌స్పెక్టర్ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నా సరంజామా అంతా ఒక తోలు సంచి. అందులో ఖాళీ సీసాలు, దళసరి కాగితం, దారపుండ, లక్క, ఇత్తడి ముద్ర. ఏ హోటలుకో కొట్టుకో వెళ్ళి, అక్కడ అమ్మే సరుకులో కొంత తీసుకుని, మూడు సీసాల్లో పోసి, లక్కముద్ర వేసి, ఒకటి ప్రభుత్వ లాబొరేటరీకి పంపాలి. కల్తీ అని రిపోర్టు వస్తే కేసు. రూల్సు పుస్తకంలో చదివినప్పుడు ఇదంతా తేలిగ్గానే కనిపించింది.

చిక్కల్లా సాక్షి దగ్గర వచ్చింది. ముద్ర వేసేటప్పుడు బయటివాడెవరైనా చూసి సంతకం పెట్టాలి. మా ఊళ్ళో బయటివాడనేవాడే లేడు. ప్రతివాడూ ఆ కొట్టాయనకి బావో, వియ్యంకుడో, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడో. నేను సంచి విప్పగానే, అప్పటిదాకా తీరిగ్గా పెసరట్టు తింటున్నవాళ్ళకి పనులు గుర్తొచ్చేవి. "తుని బండి టైమైపోయిందండి" అంటూ ఒకాయన చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయేవాడు. "కడియం నుంచి మొక్కలొస్తున్నాయండి, దింపించుకోవాలి" అని ఇంకొకాయన. ఆయనకి తులసికోట పెట్టుకునేంత పెరడు కూడా లేదని నాకు తెలుసు. చివరికి కొట్టు యజమానే నా మీద జాలిపడి, "ఎంతసేపని నిలబడతారండి" అని తన బావమరిదిని పిలిచి సాక్షి సంతకం పెట్టించేవాడు. లక్క కరగడానికి కొవ్వొత్తీ ఆయనే వెలిగించేవాడు. నేను ముద్రలు వేస్తుంటే ఒకాయన పక్కన నిలబడి విసనకర్రతో విసిరాడు కూడా.

దీనికి తోడు, నేను ఏ హోటలుకి వెళ్తానో మా ఆఫీసు అటెండరు ముందురోజే వెళ్ళి చెప్పి వచ్చేవాడు. ఇదేం పనయ్యా అని మండిపడితే, "చెప్పకుండా వెళ్తే నొచ్చుకుంటారు కదండీ" అన్నాడు. పెళ్ళికి పిలవడానికి వెళ్ళినట్టే వెళ్ళేవాడు. దాంతో ఏడాదిపాటు నేను పంపిన ప్రతి శాంపిలూ మేలిమి సరుకే అని రిపోర్టులు వచ్చాయి.

కమిషనర్ గారు నన్ను పిలిపించారు. "ఏమయ్యా, ఊళ్ళో అందరూ ధర్మరాజులేనా? నువ్వెక్కడెక్కడ భోజనం చేస్తున్నావో నాకు తెలియదనుకోకు. రెండు నెలల్లో ఒక్క కేసు చూపించు. లేకపోతే నీ ప్రొబేషన్ డిక్లేర్ చెయ్యను" అన్నారు. ప్రొబేషన్ డిక్లేర్ కాకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదు. ఏ రోజైనా ఇంటికి పంపేయొచ్చు. మా అమ్మ మందులూ చెల్లెలి కాలేజీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి. నాకు భయమేసింది.

స్టేషను రోడ్డులో ఒక కాఫీ హోటలుండేది. యాభై దాటిన ఆయనా, ఆయన భార్యా నడిపేవారు. ఇంటి గేదెల పాలతోనే కాఫీ. నేను రోజూ పొద్దున్నే అక్కడే తాగేవాణ్ణి.

"మొహం అలా పెట్టారేంటండి?" అని అడిగాడాయన. నోరు ఊరుకోదు కదా, అంతా చెప్పేశాను.

ఆయన కాఫీ గ్లాసు నా ముందు పెట్టాడు. "అయితే ఒక్క కేసు పడితే ఉద్యోగం నిలబడుద్దాండి?"

"నిలబడుతుందండి."

"ఆయ్. ఎల్లుండి పొద్దున్నే సంచి తెచ్చుకోండి."

ఏదో కొట్టు సంగతి చెబుతాడనుకున్నాను. వెళ్ళేసరికి ఆయన తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఇద్దరు బావమరుదులు సాక్షి సంతకానికి బెంచీ మీద సిద్ధంగా కూర్చున్నారు. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, పాలక్యాను మూత తీసి, నా కళ్ళముందే ఒక చెంబు నీళ్ళు పోశాడు.

"మంచినీళ్ళేనండి. కాచి చల్లార్చాం. ఎన్ని చెంబులు పోయమంటారు?" అన్నాడు.

పొయ్యి దగ్గర ఆయన భార్య కళ్ళొత్తుకుంటోంది. "మా అత్తగారి నాటినుంచీ ఈ పాలల్లో నీటిచుక్క పడలేదు బాబూ" అంది.

"ఊరుకోవే, పాపం ఉద్యోగం" అంటూ ఆయన రెండో చెంబు పోశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మతి ఉందాండీ మీకు? కోర్టుకెక్కిస్తారు! పేరు పోతుంది!" అని అరిచాను.

"జరిమానాతో పోద్దన్నారండి ప్లీడరు గారు. మన పేరు ఊళ్ళో అందరికీ తెలిసిందే కదండీ, అదెక్కడికీ పోదు" అన్నాడు.

ఇంకా ఏవేవో తిట్టాను. తిడుతూనే సంచి విప్పాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మూడు సీసాల్లో ఆ పాలే పోసి ముద్ర వేశాను. ఆయన సీసాలకి అంటించిన ప్రతి చీటీ మీదా గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. బావమరుదులు వరసగా లేచి సాక్షి సంతకాలు పెట్టారు.

ఆ తరవాత నా పని దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎవరికీ చెప్పుకోలేను. ఆ హోటలు గడప తొక్కలేక రైల్వే గేటు మీదుగా చుట్టు తిరిగి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. కోర్టు బోనులో ఆయన అదే ఇస్త్రీ చొక్కాతో నిలబడి, అవునండి, నీళ్ళు కలిపానండి అంటున్నట్టు కలలొచ్చేవి.

నెల దాటాక రిపోర్టు వచ్చింది. పాలు నిర్ణీత ప్రమాణాలకు లోబడే ఉన్నాయట. రెండు చెంబుల నీళ్ళు పడ్డా, వెన్న ఉండవలసిన దానికంటే ఎక్కువే ఉందట! ఆఫీసులో అందరూ చూస్తుండగా పగలబడి నవ్వాను. ఆ క్షణంలో ఉద్యోగం సంగతి గుర్తే లేదు, గుండెల మీంచి బరువు దిగిపోయింది. సాయంత్రానికల్లా కమిషనర్ గారు ఆ రిపోర్టు చూసి, నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించి పారేశారు.

క్షమించమని అడుగుదామని మర్నాడు పొద్దున్నే హోటలుకి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "ఏమైందండి?" అని ఆత్రంగా ఎదురొచ్చాడు. రిపోర్టు సంగతీ పొడిగింపు సంగతీ చెప్పాను. ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

"రెండు చెంబులు చాలవని అప్పుడే అనుకున్నానండి. మీరు కోప్పడుతుంటే మూడోది పోయడానికి చెయ్యి రాలేదు. నావల్లే ఇదంతా. క్షమించండి బాబూ" అన్నాడు.

ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ప్రొబేషన్ కోసమే ఏడుస్తున్నాననుకుని, ఆయన చాలాసేపు నా వీపు నిమురుతూ ఓదార్చాడు.