ఉప్పునీటి కింద వరిపొలం

వకాలతు మానేసిన ఏడాదే నాకు పాఠాలు చెప్పే పని తగిలింది.

పోర్ట్ బ్లెయిర్ కోర్టులో నేను చూసినవన్నీ భూమి కేసులే. హద్దులు, వారసత్వాలు, ఆక్రమణలు. పర్యావరణ చట్టాన్ని మా రోజుల్లో ఎవరూ పెద్దగా తెరిచి చూసేవారు కాదు. ఇప్పుడు ఈ దీవుల్లో ఏ తగాదా తీసుకున్నా అది ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఇసుక ఎక్కడ తియ్యొచ్చు, సముద్రానికి ఎంత దూరంలో గోడ కట్టొచ్చు, ఏ చెట్టును ముట్టుకోకూడదు. కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలకు శనివారాలు ఆ చట్టం చెప్పమని మిత్రులు అడిగితే, నాకూ సరిగా రాదు, కలిసి చదువుకుందాం అన్నాను. మిన్నీ బేలో ఒక స్నేహితుడి మేడ మీది గదిలో కూర్చునేవాళ్ళం. ఇప్పుడా శనివారాలు లేవు. పిల్లలకు సొంత కేసులొచ్చాయి, ఎవరి దారిన వాళ్ళు స్థిరపడ్డారు. నాకు మాత్రం శుక్రవారం రాత్రి డైరీ రాసి మూయగానే, రేపు తరగతి ఉందనే భ్రమ ఒక్క క్షణం ఇంకా కలుగుతూనే ఉంటుంది.

నా పద్ధతులు కొంచెం చాదస్తంగా ఉండేవి. తీరానికి సంబంధించిన కేసయితే ఆ చోటికి వెళ్ళి పోటులో ఒకసారి, పాటులో ఒకసారి నిలబడి చూడాలి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నేలగా కనబడేది, నీళ్ళు ఎక్కినప్పుడు సముద్రమే. రెండూ చూడకుండా కాగితం మీద గీత గీయనిచ్చేవాణ్ణి కాదు. ఇంకో పద్ధతి పిల్లలకు అసలు నచ్చేది కాదు. ఏ కేసునైనా కోర్టు దాకా తీసుకెళ్ళే ముందు మాలో మేమే వాదించుకునేవాళ్ళం. ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేల్చేవాళ్ళం. వచ్చిన పక్షాన్ని మార్చుకోవడానికి వీల్లేదు. ఎదుటివాడి మాట ఒకసారి తన నోటితో చెప్పి చూడకపోతే, వకీలుకు తన మాటలోని లోటు తెలియదని నా నమ్మకం.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి, తర్వాత ఇక్కడికి దగ్గరి చౌల్దారీలో పొలం సంపాదించుకుని రైతయ్యాడు. తండ్రి పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఈ పిల్లకు ఇంట్లో తెలుగు, బయట హిందీ, కోర్టులో ఇంగ్లిష్. తెలుగు చదవడం మాత్రం రాదు. నా డైరీ బల్ల మీద కనబడితే, "జిలేబీలు భలే చుట్టారు సార్" అనేది.

ఒక శనివారం అందరూ మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి ఆగింది.

"సార్, మా నాన్న మిమ్మల్ని కలుస్తానంటున్నారు. పొలం మ్యాటర్."

పై వారం ఆయన వచ్చాడు. కుర్చీ చూపించినా చాలాసేపు కూర్చోలేదు. ఆయన కష్టం దక్షిణ అండమాన్‌లో చాలామందిదే. సునామీ నాటి భూకంపానికి ఇక్కడ నేల కుంగింది. ఆయన పొలం గట్టు తెగి సముద్రపు పాయ లోపలికి వచ్చింది. వచ్చిన నీళ్ళు మళ్ళీ పూర్తిగా పోలేదు. రోజూ పోటుకు నిండుతాయి, పాటుకు కొంత తగ్గుతాయి. కొన్నేళ్ళకు ఆ ఉప్పు బురదలో మడ మొక్కలు వాటంతట అవే మొలిచాయి. ఇప్పుడవి మనిషెత్తు దాటి గుబురుగా ఉన్నాయి. రికార్డులో మాత్రం అది ఈ రోజుకీ వరిపొలమే, ఆయన పేరు మీదే ఉంది.

"గట్టు మళ్ళీ కట్టుకుంటాను వకీల్ సాబ్," అన్నాడు. "పర్మిషన్ ఇప్పించండి సాలు. నీళ్ళు తోడేసి, మూడు నాలుగు వానాకాలాలు ఉప్పు కడిగేస్తే వరి పండక ఏటి సేస్తుంది?"

"ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

"అడిగాను. ఈ ఆఫీసు ఆ ఆఫీసుకి పొమ్మంది, ఆ ఆఫీసు రేపు రమ్మంది. ఇప్పుడంటే ఇంట్లోనే వకీలుంది గదా." కూతురి వైపు గర్వంగా చూశాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది. తనకు అప్పటికే చట్టం తెలుసు. ఆయనకు తెలియదు.

సరే, ఆ పొలాన్నే అభ్యాసం కేసుగా తీసుకుందాం అన్నాను. మా వాదనలో నిలబడితే నిజంగా పిటిషన్ వేద్దాం, నిలబడకపోతే మానుకుందాం. తండ్రి ఒప్పుకున్నాడు. చీటీలు తీశాం. గట్టు పక్షం పోర్ట్ బ్లెయిర్ బజారులో పుట్టి పెరిగిన ఒక తమిళ కుర్రాడికి వచ్చింది. మా తరగతిలో నవ్వులన్నీ వాడివే. మడచెట్ల పక్షం ఆ అమ్మాయికి వచ్చింది.

కుర్రాడే తన చీటీ ముందుకు చాపాడు. "దీదీ, బదల్ లో. సార్ అటు చూస్తున్నారు."

"నహీ. చీటీ అంటే చీటీ," అని తన చీటీని మడిచి బ్యాగులో వేసుకుంది.

పొలం దగ్గరికి పాటు వేళకు చేరేలా పొద్దున్నే బయలుదేరాం. తండ్రి తన వకీలును, ఆ తమిళ కుర్రాణ్ణి, వెంటబెట్టుకుని మిగిలిన గట్టు ముక్క మీద నడిపించాడు.

"అరే వకీల్ బాబూ, ధాన్ ఎప్పుడైనా దగ్గిర్నించి సూశావా?"

"చావల్ చూశాను అంకుల్, ప్లేట్‌లో."

"అయిపోయింది నా కేసు!" అని ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు. కాని ఆయన తూము ఉన్న చోటు, పక్కవాళ్ళ హద్దు, నీళ్ళు మొదట తెంచుకొచ్చిన మూల చూపిస్తుంటే కుర్రాడు నవ్వడం మానేసి రాసుకున్నాడు. అమ్మాయి అవతలి వైపు బురదలో ఒంటరిగా తిరిగింది. మడచెట్ల వేళ్ళ మధ్య వంగి చూసింది. చేపపిల్లలు, రొయ్యపిల్లలు, రాలి బురదలో నిటారుగా గుచ్చుకున్న మడకాయలు. తండ్రి ఉన్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మధ్యాహ్నం గట్టు మీదే వాదన పెట్టాం. నాకొక ప్లాస్టిక్ కుర్చీ, మిగతా అందరికీ నేల. కుర్రాడు నేననుకున్నదాని కంటే బాగా మాట్లాడాడు. ఈయన సముద్రాన్ని ఆక్రమించలేదు, సముద్రమే ఈయన పొలాన్ని ఆక్రమించింది. తీరం చట్టం హోటళ్ళవాళ్ళను ఆపడానికి పుట్టింది, నాలుగు బస్తాలు పండించుకునే రైతును ఆపడానికి కాదు. "అదీ! షాబాష్!" అని తండ్రి తొడ చరిచాడు.

అమ్మాయి ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది. తండ్రి ముఖం చూసి తెలుగులోకి మారింది. చట్టం పాత రికార్డును కాదు, ఈ రోజు నేల మీద ఉన్నదాన్ని చూస్తుందని చెప్పింది. పోటు వచ్చే చోట, మడచెట్లు నిలిచిన చోట యజమాని ఎవరైనా సరే నీళ్ళకు అడ్డం కట్టకూడదు. ఈయన గట్టుకు అనుమతిస్తే, రేపు మునిగిన పొలాలన్నీ కొనుక్కుని ఒక పెద్దమనిషి ఇదే ఆర్డరు పట్టుకొస్తాడు. ఆయన వరి వెయ్యడు. పైగా ఇక్కడ ఆపిన నీళ్ళు పక్కింటి వాకిట్లోకి పోతాయి. ఆమె చెబుతూండగానే పోటు మొదలైంది. చప్పుడేమీ లేదు. చూస్తూండగా బురద రంగు మారింది, ఆ తర్వాత బురదే కనబడలేదు.

తండ్రి చెయ్యెత్తాడు. "అమ్మా, ఒక మాట. గట్టు కట్టాలంటే ఈ సెట్లన్నీ పోవాల్సిందేనా?"

"నీళ్ళు ఆపేస్తే నువ్వు కొట్టక్కర్లేదు నాన్నా. అవే చచ్చిపోతాయి."

"మరి నా పొలం సచ్చిపోయినప్పుడు ఏ కానూన్ వొచ్చింది?"

ఆ అమ్మాయి చేతిలోని కాగితాలు మడిచింది. "నా పక్షంలో దానికి జవాబు లేదు నాన్నా," అంది.

ఆయన నా వైపు తిరిగి తీర్పు అడిగాడు. గట్టు పిటిషన్ నిలబడదన్నాను.

"మీ మాటా, కానూన్ మాటా?"

"కానూన్ మాట. నా మాటంటావా, నాకిక్కడ వరి చూడాలని ఉంది."

ఆయన లేచి లుంగీకి అంటిన మట్టి దులుపుకున్నాడు. "సూశారా, సదివించినందుకు ఈ గుంట మొట్టమొదట నన్నే ఓడించింది," అని అందరితో నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "సర్లే. గట్టొద్దు. పోనీండి," అని నీళ్ళ వైపు తిరిగాడు.

ఆ తర్వాతి శనివారాలన్నీ ఆయన అడిగిన ఆ ప్రశ్న మీదే గడిచాయి. మడచెట్లు ఊరందరి కోసం తీరాన్ని కాస్తున్నాయి. అవి నిలబడింది మాత్రం ఒక్కడి పొలంలో. అందరికీ దక్కే మేలుకు ఆ ఒక్కడే ఎందుకు నష్టపోవాలి? అన్నాళ్ళుగా పుస్తకంలో పర్యావరణ న్యాయం అని చదివిన మాట మాకు అప్పుడే సరిగ్గా పట్టుబడిందనుకుంటాను. గట్టు బదులు వేరే భూమి అడుగుతూ అమ్మాయే దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది. ఈసారి చీటీలు తియ్యలేదు. కాని పొలాన్ని వర్ణించాల్సిన పేరా దగ్గర ఆగిపోయింది.

"సార్, నాకు ఆ పొలం గుర్తే లేదు. అప్పటికి చాలా చిన్నదాన్ని. నాకు తెలిసినప్పట్నించీ అక్కడ నీళ్ళే. నాన్ననడిగితే లేచి బయటికెళ్ళిపోతారు. మీరు చూశారా?"

చూశాను. వయసులో ఉన్నప్పుడు హద్దు తగాదాలు చూడడానికి సైకిలు మీద చౌల్దారీ వెళ్ళేవాణ్ణి. వానలు ముదిరాక దారికి రెండు పక్కలా నాటిన పొలాలుండేవి. కొండ మీది అడవి ముదురు పచ్చన, దాని కింద వరి లేత పచ్చన. నాటు వేసేవాళ్ళు నడుములు ఎత్తకుండానే ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు, తెలుగూ హిందీ బెంగాలీ కలిపి. నా సైకిలు బురదలో దిగబడితే నవ్వి, లాగి, మళ్ళీ నవ్వేవారు. కోతల రోజుల్లో గడ్డి వాసన కోర్టు దాకా నా చొక్కాలోనే వచ్చేది. ఇదంతా చెప్పుకుంటూ పోయాను. అమ్మాయి వేళ్ళు లాప్‌టాప్ మీద ఉన్నాయి, టైపు మాత్రం చెయ్యలేదు. చివరికి దరఖాస్తులో పడింది ఒక్క వాక్యం: సునామీకి ముందు ఇది సాగులో ఉన్న సారవంతమైన వరి భూమి. చట్టానికి అంత చాలు.

చాలా తిరగాల్సి వచ్చింది, చాలా వాయిదాలు పడ్డాయి. చివరికి కొండవాలున కొంత భూమి ఇస్తామన్నారు. ముగ్గురం వెళ్ళి చూశాం. తండ్రి పిడికెడు మట్టి తీసి నలిపాడు. "నీళ్ళు నిలవవు," అన్నాడు. "పోకచెట్లకి బాగుంటుంది." ఇక అక్కడ వరి గురించి మాట్లాడలేదు. సంతకం చేశాడు. కూతురు కాగితాలు బ్యాగులో పెట్టుకుంటుంటే, "మంచిగా రాశావమ్మా," అని మాత్రం అన్నాడు.

తిరిగి వస్తుంటే పాత పొలం దగ్గర జీపు ఆపమన్నాడు. పోటు నిండుగా ఉంది. గట్టు మీద ముగ్గురం నిలబడ్డాం.

"నాన్నా, అమ్మ నాటేసేది ఎక్కడ?" అని అడిగింది అమ్మాయి.

ఆయన ఈసారి వెళ్ళిపోలేదు. నీళ్ళలోకి చెయ్యి చాపాడు. అమ్మాయి చెప్పులు విడిచి, సల్వార్ మోకాళ్ళ పైకి లాక్కుని దిగింది.

"అక్కడ కాదు. ఇంకా లోనికి. ఆ రెండు సెట్ల మజ్జన."

నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇటు తిరిగింది.

"ఇక్కడా?"

"అక్కడే. నిన్ను అక్కడే గట్టు మీద గొడుగు కింద కూకోబెట్టీవాళ్ళం. నారు పీకి నోట్లో పెట్టుకునీదానివి."

అమ్మాయి తన చుట్టూ ఉన్న నీళ్ళలోకి చూసింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. నాటు ఎటు నుంచి మొదలుపెట్టేవారో, అన్నం ఏ చెట్టు కింద తినేవారో, మొదటి వరిపన ఎవరు కోసేవారో. చెట్ల మధ్య నుంచి ఆ పిల్ల ఒక్కొక్కటీ ఎక్కడని అడుగుతోంది, అక్కడికి నడుస్తోంది. జీపువాడు హారన్ కొట్టాడు. కాసేపు ఆగమని నేను వాడికి సైగ చేశాను.