మెట్టతామర ఆకుతో ఐదు రోజులు

ముప్పై ఏళ్లకు పైగా బడిలో జీవశాస్త్రం చెప్పాను. మందారపువ్వు నిలువుకోత, చిక్కుడుగింజ, ఆకు అడ్డుకోత, అన్నీ రంగు సుద్దలతో నల్లబల్ల మీద పిల్లలతో మాట్లాడుతూనే గీసేదాన్ని. పక్క తరగతి టీచర్లు తమ బల్ల మీద కూడా బొమ్మ వేసి పెట్టమని పిలిచేవాళ్లు. రిటైరైన ఏడాది, శంషాబాద్ అవతల ఒక తోటలో ఐదు రోజులు ఉండి మొక్కల బొమ్మలు గీయడం నేర్చుకునే శిబిరం ఉందని తెలిసింది. వెంటనే పేరిచ్చాను. నిజం చెప్పాలంటే నేర్చుకోవడానికి కాదు, మెప్పు పొందడానికి వెళ్లాను.

మొదటి పొద్దున, తలా ఒక మొక్కను ఎంచుకోమన్నారు. నేను మేం కూర్చుని గీసే షెడ్డు పక్కనున్న మెట్టతామరను ఎంచుకున్నాను. రాజేంద్రనగర్‌లో మా ఇంటి గోడ వెంబడి అదే ఉంటుంది. కళ్లు మూసుకుని గీయగలను. భోజనాల వేళకల్లా ఆకులూ కాడా పువ్వూ మొత్తం గీసేసి, చేతులు దులుపుకుని కూర్చున్నాను.

నేర్పడానికి వచ్చినామె చిన్నది. నా చివరి బ్యాచీల్లో చదివిన పిల్లల వయసు ఉంటుందేమో. కాకినాడ వైపు మాట, నిమ్మళమైన గొంతు. నా బొమ్మను బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి, కాసేపు మొక్కనూ కాసేపు కాగితాన్నీ చూసి, ఎర్ర పెన్సిలుతో పదీ పన్నెండు చోట్ల చిన్న చుక్కలు పెట్టింది.

"ఈ చోట్ల మళ్లీ ఒకసారి కొలవండి, మేడమ్. ముందు ఒక్క ఆకు చాలు. మిగతావి తర్వాత చూద్దాం."

కొలవడం అంటే కంపాస్ బాక్సులోని డివైడరుతో ఆకును కొలిచి, అదే కొలత కాగితం మీద పెట్టడం. అది ఆరో తరగతి పిల్లల పని. నాకు ఒళ్లు మండిపోయింది. పైగా విమానాలు. తలమీదుగా ఒకటి పోతుంటే ఆమె మాట మధ్యలో ఆపేసేది. అది పోయాక, ఆపిన చోట కాకుండా వాక్యాన్ని మొదటి నుంచి అందుకునేది. "ఆకు అంచును గీసేటప్పుడు..." అని నాలుగుసార్లు విన్నాను కానీ, గీసేటప్పుడు ఏం చేయాలో ఆ పూట తెలియలేదు.

రెండో రోజంతా ఒక్క ఆకే. మధ్య ఈనె గీశాను, దానికి అటూ ఇటూ సమానంగా అంచులు తీర్చాను. ఆమె వచ్చింది, ట్రేసింగ్ పేపరు పరిచింది, చుక్క పెట్టింది.

"ఎడమ సగం మళ్లీ కొలవండి, మేడమ్."

కొలిచాను. కుడి సగం కన్నా ఎడమ సగం నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు వచ్చింది. డివైడరు మార్చాను. మళ్లీ అంతే వచ్చింది.

"ఈ ఆకు సరిగ్గా పెరగలేదమ్మా. మంచిది ఇంకోటి ఇప్పించు" అన్నాను.

"మీకు నచ్చింది తీసుకోండి" అందామె.

తోటలో ఎండన పడి తిరుగుతూ పది ఆకులు కొలిచాను. ఒక్కదానికీ రెండు సగాలూ సమానంగా లేవు. మా ఇంటి గోడ వెంబడి ఇన్నేళ్లుగా చూస్తున్న మొక్క! ఎన్ని వందలమంది పిల్లల నోటు పుస్తకాల్లో, ఎగుడుదిగుడుగా గీసిన ఆకుల పక్కన సున్నా చుట్టి "రెండు వైపులా సమానంగా గీయి" అని రాశానో గుర్తుకొచ్చి మరింత చిరాకేసింది. ఆ చిరాకు నా మీద చూపించుకోలేక, మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదని వంటాయన మీద చూపించాను.

గదిలో నాతో ఉన్నామె పాతబస్తీ నుంచి వచ్చింది. నాకన్నా పెద్దదే అయినా నన్ను అక్కా అంటుంది. పెళ్లి బట్టల మీద మగ్గం పని చేయిస్తుంది, ఆ డిజైన్లన్నీ తనే గీస్తుంది. ఆమె చేతిలో పెన్సిలు నీళ్లలో చేపలా పోతుంది. కానీ ఏ తీగ గీసినా చివరకు చుట్టుకుని మామిడిపిందె అయిపోతుంది. ఆమె ఎంచుకున్న అల్లం పువ్వు బొమ్మకూ ఎర్ర చుక్కలే.

"చూడు అక్కా, గిట్లుంటదా? నా పువ్వులు ఏసుకుని ఎంతమంది దుల్హన్లు స్టేజి ఎక్కిన్రు! ఒక్కరన్నా కొల్వమన్నరా? నేనైతే పరేషాన్ అయిపోయిన" అంది.

"రేపు ఇంటికి పోదామా?" అన్నాను.

"పోదాం. కానీ జర ఆ అల్లం పువ్వు అయిపోనియ్యి" అంది. ఇద్దరం చాయ్ తాగుతూ ఆ పిల్లను తనివితీరా తిట్టుకున్నాం. మూడో రోజు ఇద్దరమూ షెడ్డులోనే ఉన్నాం.

ఆ రోజు పువ్వు మొదలుపెట్టాను. పొద్దున విచ్చిన పువ్వు భోజనం చేసి వచ్చేసరికి వాలిపోయింది. మర్నాడు పక్క మొగ్గ విచ్చింది కానీ దాని వాలు వేరు, మడత వేరు. తెల్లకాగితం మీద రెండు పువ్వుల సగాలు ఒకదానికొకటి అతకకుండా మిగిలాయి. ఆ నాలుగో రోజే పది గంటలకు బొమ్మ ముందు నుంచి లేచి నీళ్లు తాగి వచ్చేసరికి మొక్కే లేదు. మొదలంటా కోసేసి ఉంది.

తోటపని చేసే ఆమె కొడవలితో పక్క పాదులోకి పోతోంది.

"ఎవరు కొయ్యమన్నరు నిన్ను?" అని కేక వేశాను. "నాలుగు రోజుల సంది దాన్నే గీస్తున్న! కనబడలేదా?"

ఆమె నింపాదిగా కొడవలి కింద పెట్టింది. "పూసిన కాడ కొయ్యకపోతే కొత్త కాడ రాదమ్మా. సోమారమే కొయ్యాలె. మీరు గీస్తున్నరనే ఇన్ని దినాలు ఆపిన. అయిపోయిందనుకున్న."

"ఎట్లా అయిపోయిందనుకున్నవ్?"

"మరి ఒక్క మొక్కకు నాలుగు దినాలు పడ్తదా?"

అందరూ బొమ్మలు ఆపి మావైపే చూస్తున్నారు. నేను అంత గొంతెత్తి అరిచి చాలా ఏళ్లయింది. ఆమె ఎరువు గుంట దగ్గరకు వెళ్లి, కోసిన కాడల్లో నాది వెతికి, బక్కెట్లో నీళ్లు పోసి అందులో నిలబెట్టి తెచ్చింది. "ఆకు మంచిగనే ఉన్నది. పువ్వే పోయింది" అంది. ఆ పూట నేను ఆమెకు క్షమించమని చెప్పలేదు. చాయ్ గ్లాసు మాత్రం తీసుకెళ్లి ఇచ్చాను. తీసుకుంది.

ఇక పువ్వును వదిలేశాను. రోజున్నర పాటు ఆ ఆకు ఒక్కదాన్నే పట్టుకున్నాను. ఈనెలు ఒక్కొక్కటే కొలిచాను. పచ్చరంగు ఎనిమిదిసార్లు పలచగా పూశాను. ఐదో రోజు మధ్యాహ్నం నేర్పే పిల్ల ట్రేసింగ్ పేపరు తెచ్చి నిలబడి, దాన్ని పరచకుండానే పక్కకు వెళ్లిపోయింది. దాన్ని మెప్పు అనుకోవాలా, విసుగు అనుకోవాలా? అడగడానికి అహం అడ్డొచ్చింది.

సాయంత్రం బొమ్మలన్నీ తాడుకు క్లిప్పులతో వేలాడదీశారు. తోటలో పనిచేసేవాళ్లంతా చూడటానికి వచ్చారు. మగ్గం ఆమె అల్లంపువ్వు ముందు గుంపు కట్టారు. అది మామిడిపిందె కాకుండా నిలబడటానికి ఆమె ఎంత బిగబట్టుకుందో నాకొక్కదానికే తెలుసు. కొడవలి ఆమె వచ్చి నా బొమ్మ దగ్గర ఆగింది. ఆకును పైనుంచి కిందదాకా చూసింది.

"మంచిగున్నది గానీ, పురుగు కొరికిన బొక్క ఏడవోయిందమ్మా?"

కొనకు దగ్గర్లో ఒక చిన్న రంధ్రం ఉన్న మాట నిజమే. అందం చెడుతుందని నేనే వదిలేశాను. పక్కనున్న నేర్పే పిల్ల పకపకా నవ్వింది. ఐదు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

నాకైతే నవ్వు రాలేదు. అప్పటికే నన్ను తీసుకెళ్లే క్యాబు గేటు బయటికి వచ్చి ఉంది, డ్రైవరు రెండుసార్లు ఫోన్ చేశాడు. పది నిమిషాలు ఆగమన్నాను. ఫ్లైటుకు టైమవుతుందేమో మేడం, అన్నాడు. నేను పోయేది రాజేంద్రనగరే బాబూ, విమానానికి కాదు, అని గట్టిగా చెప్పి పెట్టేశాను. క్లిప్పు తీసి కాగితం బల్ల మీద పరిచాను. బక్కెట్టును దగ్గరికి జరుపుకుని, డివైడరు కోసం సర్దేసిన సంచీ మొత్తం మళ్లీ కింద కుమ్మరించాను.