డెక్కు కింద సంపూర్ణమ్మ

పాలకొల్లు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సంపూర్ణమ్మ తోటపని చేస్తుంది. చేరిన కొత్తలో ఆమె చేతిలో ఉన్నది కొడవలే. మూడేళ్ల కిందట కాలేజీవాళ్లు కూర్చుని నడిపే గడ్డికోత బండి కొన్నారు. నేర్చుకోబోయిన మగవాళ్లలో ఒకరు పూలకుండీలను, మరొకరు వాలీబాల్ స్తంభాన్ని గుద్దేశారు. అప్పుడు సంపూర్ణమ్మ ఎక్కింది. ఇక ఆ సీటు ఆమెదే అయింది.

బండి కడుపు కింద బ్లేడ్లను కప్పి ఉండే ఇనుప మూతను డెక్కు అంటారు. బ్లేడ్లు మార్చాలంటే దాని కిందకి చెయ్యి పెట్టాలి. ఆమె ఎప్పుడూ బండిని షెడ్డులో సిమెంటు నేల మీద ఆపి, తాళం బొడ్లో దోపుకుని, ప్లగ్గు వైరు పీకేసేది. జాకీతో లేపి, చెక్క దిమ్మలు ఆనించాకే కిందకి దూరేది.

కాలేజీ వార్షికోత్సవం రోజు పొద్దున్నే గ్రౌండులో గడ్డి కోస్తుంటే బ్లేడ్లు రాయికి తగిలి వంగిపోయాయి. రాత్రంతా వాన పడి నేల మెత్తగా ఉంది. షెడ్డు నిండా కుర్చీలు. దిమ్మలు వాటి వెనకే ఉండిపోయాయి.

"ఇక్కడే మార్చేయమ్మా. అరగంటలో గ్రౌండు రెడీ కావాలి" అన్నాడు సూపర్‌వైజరు రమేష్ బాబు.

"జాకీ నేలలోకి దిగిపోద్దేమోనండి."

"నీకు కుదరకపోతే చెప్పు, వేరేవాళ్లని చూస్తాను."

ఆమె ఆ నేల మీదే జాకీతో బండి లేపి, దిమ్మలు లేకుండానే కిందకి దూరింది. వరినాట్లు వేసి వేసి పాడైన నడుంతో మళ్లీ ఆ పనికి వంగడం ఆమె వల్ల కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మొదటి బ్లేడు బాగానే మారింది. రెండోదాని బోల్టు తుప్పుపట్టింది. స్పానర్ మీద బలం వేసింది. జాకీ మట్టిలోకి ఒరిగింది. డెక్కు దబ్బున దిగి, మోచేతి కింద నుంచి కుడిచేతిని నేలకు అదిమేసింది. పాత బ్లేడు అంచు గ్లౌజు చీల్చుకుని అరచేతిలో దిగింది.

అరిచింది. స్టేజీ మీద మైకు టెస్టింగు హోరులో ఆ అరుపు ఆమెకే సరిగా వినిపించలేదు. కదిలితే బ్లేడు ఇంకా దిగుతోంది. కళ్ల ముందు డెక్కుకు అంటుకున్న పచ్చిగడ్డి ముద్ద తప్ప ఏమీ లేదు. పైన సీటు మీద ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. రమేష్ బాబే అయి ఉంటాడు. "ప్రభువా, ఎవరినైనా పంపు" అనుకుంది. వేళ్లు ముందు మండాయి, తర్వాత ఉన్నాయో లేదో తెలియలేదు. అది ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఫోను ఎత్తడం లేదని సూపర్‌వైజరు పంపితే వాచ్‌మన్ జగన్నాథరావు వచ్చాడు.

"అయ్యో సంపూర్ణమ్మగారూ! ఉండండి, బండి స్టార్ట్ చేసి వెనక్కి తీసేస్తాను!"

"వద్దండీ! బ్లేడు నా చేతిలో ఉంది. తాళం నా దగ్గరే ఉంది, ఇవ్వను."

ఆయన బండిని పట్టుకుని ఎత్తబోయాడు.

"కదపకండి బాబూ! స్టేజీ వెనక చెక్కపలక ఉంటది, తెండి. ఇటికలు కూడా."

పలక మీద జాకీ నిలబెట్టి, ఆమె చెప్పినట్టే ఒక్కో అంగుళం లేపి, లేపినంత మేరా ఇటికలు పేర్చాడు. చెయ్యి బయటికి వచ్చింది. జాకీని ముంచిన మెత్తటి నేలే ఎముకను కాపాడిందన్నారు డాక్టరు. అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి.

ఆసుపత్రిలో రమేష్ బాబు, "దిమ్మలు లేకుండా ఎందుకు దూరావమ్మా?" అన్నాడు.

"మీరు తరిమారు కాబట్టండి. ఇకమీదట సిమెంటు నేల ఖాళీ లేకపోతే బండి అక్కడే ఆగిపోద్దండి. కాదంటే వేరేవాళ్లని చూసుకోండి."

ఆయన వేరేవాళ్లని చూడలేదు. షెడ్డులో సగం ఇప్పుడు బండిదే.

కుట్లు మానాయి గానీ డెక్కు కిందకి తల వంచితే ఆమెకు ఇప్పటికీ ఊపిరి ఆడదు. అందుకని జగన్నాథరావు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. నరసాపురంలోని కూతురి కబుర్లు చెబుతుంటాడు. ఆయన గొంతు కాసేపు ఆగితే చాలు, స్పానర్ తిప్పడం ఆపేసి, "ఉన్నారాండీ?" అని అడుగుతుంది.