కొంగల కాపలా

మా ఇంట్లో మరమగ్గం ఆగిపోయిన ఏడాది నేను చేపపిల్లల కేంద్రంలో పనికి చేరాను. వరంగల్‌లో పుట్టి పెరిగి, అప్పటిదాకా దారంతో తప్ప దేనితోనూ పనిపడని దాన్ని. హసన్‌పర్తి అవతల ఒకాయన కుంటలు తవ్వించి చేపపిల్లల్ని పెంచుతున్నాడని, ఆడవాళ్లను పనికి తీసుకుంటున్నాడని మా వాడకట్టులో ఒకామె చెబితే వెళ్లాను.

ఆ కుంటల సారు నన్ను చూసి, “చేపల పని ఎరుకేనా అమ్మా?” అన్నాడు.

“తినుడు ఎరుకే సారూ.”

ఆయన నవ్వాడు. “కొంగలకు గూడ గంతే ఎరుక. వాటిని ఆపుడే నీ పని.”

గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మొదట కంటికి ఆనవు. వేలెడు పొడుగు అయ్యేదాకా వాటిని చిన్న కుంటల్లో పెంచుతారు. ఆ లోపే పక్షులు పసిగడతాయి. తెల్లకొంగలు గట్టు పక్కన పల్చటి నీళ్లలో నిలబడి ఒక్కొక్కదాన్నే ఏరుకుంటాయి. నీటికాకులు అలా కాదు, గుంపుగా దిగి నీళ్లలో మునిగి తరుముతాయి. నేను తెల్లవారకముందే వచ్చి, రేకుడబ్బా కొడుతూ గట్ల మీద తిరిగేదాన్ని. మొదటి వారం బాగానే ఎగిరిపోయాయి. రెండో వారం నేను ఈ కొసన డబ్బా కొడితే ఆ కొసకు పోయి నిలబడటం మొదలుపెట్టాయి.

అక్కడ మొదటినుంచీ పనిచేస్తున్న ఒక అక్క ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్ద. వాళ్లింట్లో తాతల నాటినుంచీ చెరువులో వల వేసి బతికినవాళ్లే. నా అవస్థ రెండు రోజులు చూసి పిలిచింది.

“పిల్లా, నువ్వు వాటిని చూస్తానవనుకుంటానవా? అవే నిన్ను చూస్తానయ్. రోజు ఒక్క దిక్కునుంచే వస్తానవ్, ఒక్క తీరుగనే తిరుగుతానవ్. జర మార్చు.”

అప్పటినుంచి ఒకరోజు తూర్పు గట్టునుంచి, ఇంకోరోజు మధ్యలోంచి వెళ్లేదాన్ని. కొన్నిసార్లు డబ్బా కొట్టకుండా చప్పుడు లేకుండా కూర్చుని, ఒక్కసారిగా లేచేదాన్ని. ఆ ఉపాయంతో కొన్నాళ్లు గట్టెక్కాను.

వానలు పడ్డాక నీటికాకులు మందలుగా వచ్చాయి. మేమిద్దరం ఎటు పరుగెత్తినా ఇంకోవైపు దిగేవి. సారుకు దిగులు పట్టుకుంది. సన్నటి నైలాన్ వల తెప్పించి నాలుగు కుంటల మీద పరిపించాడు. వల అక్కడక్కడా వదులుగా వేలాడింది. రెండు రోజులు పక్షులు రాలేదని సంబరపడ్డాం.

మూడో రోజు పొద్దున నేను వచ్చేసరికి బూడిదరంగు పెద్ద కొంగ ఒకటి ఆ వలలో చిక్కుకుని ఉంది. రెక్క మెలితిరిగి, దారం తొడలోకి దిగి, కొట్టుకుని కొట్టుకుని అలసిపోయి ఉంది. దాన్ని తరమడానికే నాకు జీతం. కానీ ఆ స్థితిలో చూసి నిలబడలేకపోయాను. ఎవరినీ పిలవకుండా నీళ్లలోకి దిగి, ముడి ఎక్కడుందా అని మొహం దగ్గరగా పెట్టాను. కొంగ మెడ ముడుచుకుని ఉన్నట్టే ఉంది. మరుక్షణం దాని ముక్కు నా కంటి మీద దిగింది.

నా అరుపుకు అక్క ఎక్కడినుంచి పరుగెత్తుకొచ్చిందో తెలియదు. చీరతోనే నీళ్లలోకి దూకింది. తన కొంగు మడిచి నా కంటికి అదిమిపెట్టి, నన్ను గట్టెక్కించి, రోడ్డు మీదికి తెచ్చి ఆటో ఆపింది. హనుమకొండ కళ్ల దవాఖాన దాకా ఆ చెయ్యి తీయలేదు.

“అక్కా, కన్ను పోయిందా?”

“నోరు మూసుకో. ఏం కాదు. నేనున్న గదా.”

డాక్టరు కడిగి చూస్తూ, “ఎవరు కొట్టిండ్రు?” అని గట్టిగా అడిగాడు. ఆయన అనుమానం మా ఆయన మీద అని అర్థమై అక్క గబుక్కున చెప్పింది, “ఇంటాయన కాదు సారూ, కొంగ కొట్టింది.” నాకు ఆ నొప్పిలోనూ నవ్వొచ్చింది. కదలొద్దని డాక్టరు కసిరాడు. వెంట్రుకవాసిలో తప్పిందట. రెప్ప మీద కుట్లు పడ్డాయి, చూపు దక్కింది.

పది రోజులకు పనికి వెళ్లాను. ఉద్యోగం ఉందో లేదోనని భయం. కుంటల మీద వల లేదు. సారు ఎదురొచ్చి, “తప్పు నాదమ్మా. తొందరల గా సన్నవల ఏసిన. మీరు దవాఖానకు పోయినంక తువ్వాల దాని తలమీద కప్పి, నేనే వల కోసి ఇడిసిపెట్టిన. కుంటుకుంట పోయి, జరసేపటికి ఎగిరింది” అన్నాడు. ఆ మాట విన్నాక నాకు మనసు తేలికపడింది.

“మరి ఇప్పుడెట్ల సారూ?”

“అదే తెలుస్తలేదు.”

నేను కుంటను చూస్తూ నిలబడ్డాను. ఆ వల వదులుగా ఉంది కాబట్టి చుట్టుకుంది, సన్నగా ఉంది కాబట్టి కొంగకు కనపడలేదు. “కనపడే లావు దారం, బిర్రుగా గుంజి కడితే?” అన్నాను. అక్క అందుకుంది. “నీటికాకి దిగాలంటే రెక్క చాపాలె. దారాలు దగ్గర దగ్గర ఉంటే ఎట్ల దిగుతది? కొంగ గట్టుమీదికెల్లి నడుచుకుంట వస్తది, దానికి గట్టు పొంటి మోకాలెత్తున ఇంకో దారం కట్టాలె.”

మర్నాడు మా ఆయన్ని వెంట తీసుకెళ్లాను. మగ్గం ఆగినప్పటినుంచి ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. రెండు గట్ల మీదా పైపులు పాతి తెల్లటి లావు దారం కట్టడం మొదలుపెట్టాం. ఆయన పడుగు చూసినట్టే ఒక్కో దారాన్నీ వేలితో మీటి చూశాడు. వదులనిపిస్తే విప్పి మళ్లీ కట్టించాడు. “గిట్ల కాదు, గట్ల గుంజుండ్రి” అని అందరి మీదా కేకలేశాడు. ఎన్ని నెలల తర్వాతో ఆయన గొంతు అలా వినబడింది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. నేను మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను.

అక్క ఇంకో మాట కూడా చెప్పింది. చివరి కుంటలో పనికిరాని పిచ్చిచేపలే ఉన్నాయి. “దాన్ని పక్షులకు ఇడిసిపెట్టుండ్రి సారూ. వాటికి గూడ ఆకలైతది గదా.” సారు సరేనన్నాడు.

పక్షులు పూర్తిగా ఆగలేదు. ఒకటీ అరా దారాల కింద దూరేవి, మా తిరుగుడు మాకు తప్పలేదు. కానీ ఆ ఏడాది పిల్లల్ని నీళ్లు, ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి బండ్లకెక్కిస్తుంటే, వాటిలో అన్ని పిల్లలు తళతళలాడటం నేను మొదటిసారి చూశాను. మా ఆయనకు దారాలు, వలలు చూసుకునే పని అక్కడే దొరికింది.

మొన్నామధ్య రఘునాథపల్లి దగ్గర ఒక రైతు తన కుంటలకూ అలా కట్టి చూపించమని అడిగితే సారు అక్కనూ నన్నూ పంపాడు. పని అయ్యేసరికి సాయంత్రమైంది. తిరుగు బస్సులో ఒక్కటే సీటు ఖాళీ. అక్కకు ఈ మధ్య మోకాళ్ల నొప్పులు.

“కూసో అక్కా.”

“నువ్వు కూసో. పొద్దటిసంది దారం గుంజినవ్.”

చివరికి ఇద్దరం ఆ ఒక్క సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నాం. రెండు ఊళ్లు దాటకముందే ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. హనుమకొండ వచ్చేదాకా నేను కదల్లేదు.