మావయ్య చూపించని చివరి రీలు

మొన్న శుక్రవారం సంతకని బయలుదేరినవాణ్ణి దారిలో నా పాత విద్యార్థి ఒకడు కారు ఆపి, మా పార్కు మీరింకా చూడనేలేదు మాస్టారూ అంటూ బలవంతంగా ఎక్కించుకుని తీసుకుపోయాడు. కాఫీ తోటల పక్కన కొండవాలు చెక్కేసి వాడు కట్టిన ఆ పార్కు గురించి మంచిమాట ఒక్కటైనా రాద్దామని రెండు రోజులుగా చూస్తున్నాను, కలం సాగడం లేదు. మధ్యలో మేడంత ఎత్తున ప్లాస్టిక్ రాకాసిబల్లి. దాని నోట్లో ఎవరో విసిరిన చిప్సు పొట్లాలు, కాళ్ల దగ్గర పాచి పట్టిన వాననీళ్లు, ఆ నీళ్లలో బొంగు చికెన్ తిని పారేసిన వెదురు ముక్కలు, ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పి ఎవరి పిల్లో చేసుకున్న వాంతి. ముక్కు మూసుకుని నిలబడ్డాను. పిల్లల చేతికి వెలుతురు చిమ్మే తుపాకులు ఇస్తారు. గురి తగలగానే ఆ జంతువు మూలుగుతుంది, గుండె దగ్గర ఎర్రదీపం వెలుగుతుంది, మెడ వాలిపోతుంది, మైకులోంచి చప్పట్లు మోగుతాయి. రెండు నిమిషాలకి మళ్లీ లేచి తరవాతి జట్టు కోసం నిలబడుతుంది. ఇదంతా చూపించి మావాడు, చచ్చేటప్పుడు అది తెలుగులో రెండు ముక్కలు అరిస్తే బాగుంటుంది, మీరైతే చక్కగా రాస్తారు మాస్టారూ అన్నాడు.

నా ఈడువాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు, రాకాసి సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. పళ్లెంలాంటి అంతరిక్ష నౌక దిగివస్తుంటే దాన్ని వేలాడగట్టిన తీగ తెర మీద కనిపించే సినిమాలు, రేకుడబ్బాలు తొడుక్కుని నడిచే మరమనుషుల సినిమాలు, తొండ వీపున ముళ్లు అతికించి దగ్గర నుంచి తీసి ఇదే మహామృగం అని నమ్మించిన సినిమాలు. పట్నం పిల్లలు వాటిని థియేటర్లలో చూసి ఉంటారు. మేం అరకులో, మిషన్ వారి హాల్లో, కిటికీలకి గొంగళ్లు కట్టి, సంతరోజు మధ్యాహ్నం పూట చూశాం.

ఆ సినిమాలు వేసేది మా మావయ్య. అమ్మకి పెద్దన్నయ్య, మిషన్‌లో ఉపదేశి. పల్లెలు తిరిగి ప్రార్థనలు చేయించడం ఆయన పని, నన్ను బడిలో వేసి పెంచిందీ ఆయనే. పాత ఫాదరుగారు దేశం విడిచి వెళ్లిపోతూ ఒక ప్రొజెక్టరు, జనరేటరు, ఒక పెట్టెడు రీళ్లు మావయ్యకి అప్పగించిపోయారు. పెట్టెలో క్రీస్తు జీవితం ఉంటుందని అందరం అనుకున్నాం. తెరిచి చూస్తే అన్నీ ఈ రాకాసి సినిమాలే. ఆ దొర ఒంటరి సాయంత్రాలు ఎలా గడిపాడో అప్పుడు తెలిసింది. మావయ్య మాత్రం నవ్వి ఊరుకోకుండా, సంతకి కొండలు దిగి వచ్చేవాళ్లకి అవే చూపించడం మొదలుపెట్టాడు.

సినిమా ఇంగ్లీషు, మావయ్యకి ఇంగ్లీషు రాదు. గురువారం నాడు ఒక్కడే తలుపులు వేసుకుని బొమ్మ అంతా ఒకసారి చూసుకునేవాడు. శుక్రవారం చప్పుడు బాగా తగ్గించి, తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి, కాస్త తెలుగు, కాస్త ఆదివాసీ ఒరియా కలిపి తనకి తోచిన కథ చెప్పేవాడు. పళ్లెంలోంచి దిగినవాళ్లు భూమి కొలవడానికి గొలుసులు పట్టుకొచ్చిన సర్వేవాళ్లు. రేకుల మరమనిషి ఫారెస్టు గార్డు. ఎంత బతిమాలినా వాడికి వినపడదు, ఎందుకంటే చెవులుండాల్సినచోట మేకులున్నాయి. హాలు విరగబడి నవ్వేది. తలుపు దగ్గర అడ్డపొగ చుట్టలు ఆర్పేసి లోపలికి వచ్చిన ముసలమ్మలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. రబ్బరు తొడుగు వేసుకున్న మృగానికి వీపున జిప్పు కనిపిస్తే, అది వెనకటికి బల్లెం దిగిన మచ్చ అనేవాడు మావయ్య, పాపం అనేవాళ్లు జనం.

అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగి వేయించుకున్నది ఒక నీటిమృగం సినిమా. మావయ్య చెప్పిన కథ ప్రకారం అది కొండల మధ్య గుంటలో తన మానాన తాను బతుకుతుండేది. పట్నంవాళ్లు వచ్చి ఆనకట్ట కట్టారు, నీళ్లు పొంగి దాని చోటు మునిగిపోయింది, నా చోటు ఎక్కడని అడగడానికి అది పట్నం వెళ్లింది, దాని భాష అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. హాల్లో ముందు వరసల్లో కూర్చునేవాళ్లలో సగం మంది ఆనకట్ట కింద ఊళ్లు పోగొట్టుకుని ఇటు వచ్చినవాళ్లే. మృగం ఇళ్ల కప్పులు పీకి లోపలికి తొంగి చూస్తుంటే వాళ్లకి భయం వేసేది కాదు, అది తన ఇంటిని వెతుక్కుంటోందని అర్థమయ్యేది. ఆ బొమ్మకి చివరి రీలు ఒకటి ఉందని మావయ్యకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. దాని ముందు రీలులో మృగం నీళ్లలోకి దిగుతుంది. అక్కడ దీపం ఆపేసి, పోయింది, తన చోటికి తాను పోయింది, మీరూ పొద్దుండగా బయలుదేరండి అనేవాడు. వాళ్లు తృప్తిగా బుట్టలు ఎత్తుకుని కొండదారి పట్టేవాళ్లు.

నేను విశాఖపట్నంలో బి.ఎ. ఇంగ్లీషు చదివి సెలవులకి ఇంటికొచ్చిన ఏడు ఇది నాకు భరించరానిదిగా తోచింది. ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకు రోత పుడుతుంది: ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి, ప్రతిదానికీ పెదవి విరుపు. బాంబు పేలుడు వల్ల పుట్టిన మృగమని, శాస్త్రజ్ఞులు ప్రపంచాన్ని కాపాడారని తెరమీద అంత స్పష్టంగా చెబుతుంటే, పక్కన నిలబడి ఆనకట్ట అని అబద్ధాలాడే మావయ్యని చూసి నేను సిగ్గుతో చితికిపోయాను. అమాయకుల్ని మోసం చేస్తున్నాడనుకున్నాను. ఆ శుక్రవారం నీటిమృగం బొమ్మ చివరికి వస్తుండగా, పల్లెలో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని, ప్రార్థనకి రమ్మని కబురు వచ్చింది. మావయ్య కర్ర నా చేతికిచ్చి, అది దాని చోటికి పోయిందని చెప్పి పంపించెయ్యమని బేగి వెళ్లిపోయాడు.

నేను పెట్టె అడుగు నుంచి చివరి రీలు తీసి ఎక్కించాను. చప్పుడు పూర్తిగా పెంచాను. మీరింతవరకు విన్నది తప్పు, అసలు కథ నేను చెబుతాను అని మొదలుపెట్టాను. విమానాలు వచ్చాయి, ఫిరంగులు పేలాయి, మృగం ఇసుకలో పడి చాలాసేపు కొట్టుకుని చచ్చింది. దాని మీద కాలు పెట్టి కెప్టెన్ ఇచ్చిన ఉపన్యాసం ప్రతి వాక్యం నేను గొంతెత్తి తెలుగు చేశాను. తెరలో జనం చప్పట్లు కొట్టారు. హాల్లో ఒక్క చెయ్యి కదలలేదు.

ముందు వరసలో ఎప్పుడూ కూర్చునే ముసలమ్మ, ఊరు నీళ్లలో పోయినామె, లేచి నా దగ్గరికి వచ్చింది.

"అదేటి సేసిందని సంపేసినారు బాబూ?"

అది రాక్షసి కదా అమ్మా అన్నాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి బయటికి నడిచింది. ఆమె వెనకే అందరూ లేచారు. కొండదారి పట్టలేదు, హాలు కింద పారే గెడ్డలోకి దిగారు. కావిళ్లు, బుట్టలు గట్టున దింపి, కట్టుకున్న బట్టలతోనే, పిల్లల్ని కూడా దించి తలమీదుగా ముంచి, చావు చూసినవాళ్లు ఇల్లు చేరేముందు చేసే స్నానం చేశారు. తరవాత తడిబట్టలతోనే వెళ్లిపోయారు. నేను మెట్ల మీద నిలబడి, ఏం మూఢత్వం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఇప్పుడు దాచి లాభం లేదు.

మావయ్య వచ్చి, బోర్లించిన పెట్టె చూశాడు, గట్టుమీద తడి చూశాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు సెప్పిందే నిజఁవురా. ఆ నిజఁవు నాకూ తెలుసు. తెలిసే ఆ రీలు అడుక్కి ఎట్టేసినాను."

అంతే అని, తువ్వాలు భుజాన వేసుకుని తానూ గెడ్డలోకి దిగాడు. పై శుక్రవారం యథాప్రకారం కిటికీలకి గొంగళ్లు కట్టి, జనరేటరు వేసి, తలుపులు తీసుకుని కూర్చున్నాడు. కొండవాళ్లు ఒక్కరూ రాలేదు. సంతలో పందిళ్లు వేసే మైదాన ప్రాంతపు వర్తకులు ముగ్గురే వచ్చారు, కాసేపు చూసి, కథ చెప్పేవాడు నోరు విప్పకపోవడంతో విసుగెత్తి పోయారు. మరో రెండు వారాలు చూసి మావయ్య పెట్టెకి తాళం వేశాడు. నేను అక్కడి బడిలోనే ఇంగ్లీషు మాస్టారుగా చేరి, ముప్పై ఏళ్లకి పైగా పిల్లలకి సరైన అనువాదం నేర్పాను. మావయ్య పోయాక పెట్టె తీస్తే రీళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయి, గది గదంతా పుల్లటి కంపు కొట్టింది. ఆ కంపుకి నేను బయటికి వచ్చేశాను. కంపు ఒక్కదానికే కాదనుకోండి.

పార్కులో మా విద్యార్థి ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, వాణ్ణి ఎక్కడ తప్పు పట్టను? నా క్లాసులో మొదటి బెంచీ వాడు. చచ్చే జంతువుకి మాటలు రాయడం నాకు చేతకాదని మాత్రం చెప్పాను. జోక్ అనుకుని నవ్వాడు. అంతలో ఇంకో జట్టు పిల్లలు వచ్చి కాల్చారు, మెడ వాలింది, చప్పట్లు మోగాయి. తల్లులు ఫోన్లు పైకెత్తారు. పిల్లలు అది పూర్తిగా పడేదాకా కూడా ఆగకుండా ఐస్‌క్రీం వైపు పరుగెత్తారు. వాళ్లనీ అనలేను, పాపం. మళ్లీ లేస్తుందని తెలిసిన చావుకి ఎవరు మాత్రం ఆగుతారు? వీపున జిప్పు కనిపించే రబ్బరు బొమ్మ కోసం ఒక హాలు జనం తల తడుపుకున్న రోజులు ఇదే లోయలో ఉన్నాయని చెబితే, మా విద్యార్థి ఏదీ వీడియో అంటాడు.

సంత మాట మరిచి ఇంటికి వచ్చేశాను. గుమ్మం ఎక్కబుద్ధి కాలేదు. పెరట్లో కుళాయి దగ్గర నిలబడి, ఒక బకెట్టు, చెంబు బయట పెట్టమని మా ఆవిణ్ణి కేకేశాను.

"ఏటండీ, ఎవులైనా పోయారేటి?" అంటూ కంగారుగా వచ్చింది.

ఆవిడ ఆ సంతరోజుల్లో ముందు వరసలో కూర్చున్న పిల్లల్లో ఒకతె. ఆ మధ్యాహ్నం వాళ్లమ్మ గెడ్డలో ముంచిన పిల్ల. పార్కులో చూసింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. బకెట్టు నింపి నా ముందు పెట్టి, పక్కన ఇంకో చెంబు తనకోసం తెచ్చుకుంది.