టైరు లోపలి అంచు

మా అపార్టుమెంటు గేటు ముందున్న స్పీడ్ బ్రేకరు మీద ఈమధ్య రోజూ ఉదయం ఒక కారు పొట్ట గీసుకుంటూ వెళుతోంది. కింది వాటాలో కొత్తగా అద్దెకు దిగిన తెలుగు అబ్బాయిది ఆ కారు. నోయిడాలో ఉద్యోగం, కొత్తగా పెళ్ళయింది, స్ప్రింగులు మార్పించి కారును నేలకు జానెడు ఎత్తుకు దించుకున్నాడు. ఆ గీసుకునే చప్పుడు వినబడగానే వంటగదిలో నా చేతిలో పని ఆగిపోతుంది. మొన్న ఆదివారం కూరలకని కిందికి దిగిన నేను, అతను కారు కడుగుతూ కనబడితే పలకరించి వెళ్ళిపోకుండా, అరవై దాటిన మనిషినన్న సంగతి కూడా మరచి, వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని టైరు లోపలి అంచు మీద అరచెయ్యి పెట్టాను. అతను నీళ్ళ పైపు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

నా చేతికి ఏం తగిలిందో చెప్పేముందు ఆ చెయ్యి సంగతి చెప్పాలి. మా ఆయనకు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ప్యూను ఉద్యోగం వచ్చి మేము శ్రీకాకుళం వైపు నుంచి ఢిల్లీ చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. బదర్‌పూర్ సరిహద్దు దగ్గర ఒకటే గది ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ సంపాదన చాలక నేను ఫరీదాబాద్‌లో టైర్లకు కొత్త రబ్బరు ఎక్కించే షెడ్డులో పనికి కుదిరాను. అరిగిన టైర్లంటే అప్పట్లో పారేసే వస్తువులు కావని, వాటికి రెండో జన్మ, మూడో జన్మ ఉండేవని మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వచ్చిన ప్రతి టైరునూ లోపలా బయటా చేత్తో తడిమి, మేకులు, చీలికలు ఉన్నచోట సుద్దతో గుర్తుపెట్టడం నా పని. రాత రాని వాళ్ళం కాబట్టి సున్నా అంటే పనికొస్తుంది, అడ్డగీత అంటే పనికిరాదు.

నాకు పని నేర్పిన ముసలి మేస్త్రీని అందరం ఉస్తాద్‌జీ అనేవాళ్ళం. ఆయనకూ చదువు లేదు, కానీ టైరును తడిమి ఆ బండి ఎలా నడుస్తోందో చెప్పేవాడు. నడిమి గీతలు అరిగితే గాలి ఎక్కువ పట్టించారని, ఒకవైపు నుంచి రాస్తే నున్నగా ఉండి ఎదురు రాస్తే రంపపు పళ్ళలా గుచ్చుకుంటే చక్రం తిన్నగా దొర్లక పక్కకు ఈడ్చుకుంటూ పోతోందని, లోపలి అంచు ఒక్కటే అరిగిందంటే చక్రం తల లోపలికి వాల్చి నడుస్తోందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అన్నింటిలోకీ చెడ్డది లోపలి అంచేనని మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు, ఎందుకంటే నిలబడి చూసేవాడికి అది కనిపించదు, వంగినవాడికే తెలుస్తుంది. రెండేళ్ళు తిరిగేసరికి నా అరచెయ్యి గరుకు తేలి, మా అమ్మాయి జడ వేయించుకుంటూ నీ చెయ్యి జుట్టు పట్టేస్తోందని ఏడ్చేది.

ఆ షెడ్డు సంపాదనతోనే మా తమ్ముణ్ణి ఊరి నుంచి రప్పించుకున్నాను. వాడు జియా సరాయ్‌లో మరో ముగ్గురితో ఇరుకు గదిలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివేవాడు. ఆదివారాలు నేను పప్పు, కూర కట్టి తీసుకెళ్ళి, వాడు తింటూంటే గోడకు అంటించిన కాగితాలవైపు చూడకుండా తల వంచుకుని కూర్చునేదాన్ని. ఇది కొంచెం విడ్డూరంగా ఉంటుంది గానీ నిజం. రాసి ఉన్న కాగితం ఎదురుగా ఉంటే నా కళ్ళు వాటంతట అవే పక్కకు తిరిగేవి, పరాయివాళ్ళ గదిలోకి తొంగిచూసినట్టు సిగ్గేసేది. మన ఈడు ఆడవాళ్ళలో ఈ సిగ్గు ఎరిగినవాళ్ళు ఇంకా కొందరైనా ఉంటారు.

వాడికి గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆ సంబరంలో ఘాజియాబాద్‌లో ఎవరి దగ్గరో పాత కారు కొన్నాడు. ముందు యజమాని స్ప్రింగులు కోయించి దాన్ని కిందికి దింపాడు, వెడల్పు చక్రాలు వేయించాడు. ఆ వాలకమే చూసి వీడు మోజుపడ్డాడు. చూడడానికి పులి పొంచి ఉన్నట్టు ఉండేది, ఎక్కితే మాత్రం నవ్వులాట. పెద్ద స్పీడ్ బ్రేకరు వచ్చిందంటే అందరం దిగాలి, ఖాళీ కారు మెల్లగా దాటాలి, మేము వెనకాల టిఫిన్ క్యారియరు పట్టుకుని నడిచి వెళ్ళి మళ్ళీ ఎక్కాలి. పెళ్ళి బారాత్ వెళుతోందా భయ్యా అని రోడ్డు పక్కన చాయ్ తాగేవాళ్ళు అడిగేవారు. రోడ్డు మీద గాడి ఉంటే కారు తనంతట తాను అందులోకి లాగేది, తిన్నని దారిలో కూడా తమ్ముడు స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకునేవాడు. నెలలో మూడుసార్లు చక్రాలు తిన్నగా సర్దే అలైన్‌మెంటు చేయించాడు. చేయించిన రోజు బాగుండేది, వారం తిరిగేసరికి మళ్ళీ మొదలు.

ఒక ఆదివారం ఘాజియాబాద్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశం. మా ఆయనకు డ్యూటీ, నాకు షెడ్డులో లోడు దిగే రోజు. అమ్మాయిని తాను తీసుకెళతానన్నాడు తమ్ముడు. దానికప్పుడు పదకొండేళ్ళు, ఢిల్లీలో మనవాళ్ళు నడిపే తెలుగు బడిలో ఆరో తరగతి. పట్టుపావడా కట్టుకుని ముందే వెళ్ళి కారు దగ్గర నిలబడింది. దాని చెప్పు పట్టీ బిగిద్దామని వంగినప్పుడు నా చెయ్యి అలవాటుకొద్దీ వెనక టైరు లోపలికి పోయింది. బయటివైపు కొత్త టైరులా గీతలు నిండుగా ఉన్నాయి. లోపలి అంచు మీద గీతల్లేవు, నున్నగా గాజులా ఉంది, ఒకచోట వేలి కొనకు రబ్బరు కింది దారాలు తగిలాయి. షెడ్డులో అయితే ఆలోచించకుండా అడ్డగీత గీసి పక్కకు దొర్లించేదాన్ని.

తమ్ముడితో చెప్పాను, ఈ టైరుతో అంత దూరం వద్దు, బస్సులో వెళ్ళండి అని. వాడి పక్కన ఆఫీసు స్నేహితుడు ఉన్నాడు. తమ్ముడు కారులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితం నా ముఖం ముందు పెట్టాడు.

"నిన్న చేయించానక్కా. ఇది కంప్యూటర్ ఇచ్చిన రిపోర్టు, నీ షెడ్డులో సుద్దగీతలు కాదు. చదవడం వస్తే నీకే తెలిసేది."

స్నేహితుడు నవ్వుతూ, "దీదీని నీ కారుకు ఇన్‌స్పెక్టర్‌గా పెట్టుకో యార్," అన్నాడు.

కాగితం నా కళ్ళకు జానెడు దూరంలో ఉంది. నేను దాన్ని చూడలేదు. చూడకుండానే తల తిప్పుకుని, నేనే అమ్మాయిని వెనక సీట్లో కూర్చోబెట్టి, పావడా అంచు నలగకుండా లోపలికి సర్ది, నా చేత్తోనే తలుపు వేశాను.

మధ్యాహ్నం షెడ్డు యజమాని ఫోనుకు కబురు వచ్చింది. ఘాజియాబాద్ దారిలో వెనక టైరు పేలి, కారు తోక తిప్పుకుని డివైడరుకు కొట్టుకుంది. తమ్ముడికి నుదుటి మీద కుట్లు పడ్డాయి, స్నేహితుడికి ఏమీ కాలేదు, అమ్మాయి కుడి మోచెయ్యి నలిగింది. ఆసుపత్రి వరండాలో తమ్ముడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తిడతాననుకున్నాడేమో. ఏమని తిట్టను, తలుపు వేసింది నేను. డాక్టరు ప్రాణానికి భయం లేదు గానీ చెయ్యి పూర్తిగా చాపడం కష్టమన్నాడు. ఆ మాటే నిజమైంది. ఈనాటికీ అది పై అరలో డబ్బా అందుకోవాలంటే ఎడమ చెయ్యే ఎత్తుతుంది.

కుడిచేతికి కట్టు ఉన్నన్ని వారాలూ బడిలో ఇచ్చిన పని ఎవరు రాయాలన్నది ఇంట్లో కొత్త చిక్కయింది. తమ్ముడు వస్తానన్నా అది వద్దంది. ఒక సాయంత్రం నోటుబుక్కు నా ఒళ్ళో పెట్టి, నేను చెప్తాను నువ్వు రాయమ్మా అంది. నాకు రాదే అంటే, బొమ్మలా గియ్యి అంది. ఎడమచేత్తో వంకరగా తాను ఒక అక్షరం వేసేది, దాని కింద నేను వేసేదాన్ని. లారీ టైరును ఒంటిచేత్తో దొర్లించే నాకు పెన్సిలు బరువుకు వేళ్ళు నొప్పెట్టేవి. నలభై దాటాక నా అక్షరాభ్యాసం అలా జరిగింది. కట్టు విప్పాక కూడా మేమిద్దరం ఆపలేదు. బస్సు మీద ఊరిపేరు చదవడానికి రెండేళ్ళు, ఉత్తరం రాయడానికి నాలుగేళ్ళు పట్టింది.

అంకెలు పట్టుబడిన కొత్తలో, కనిపించిన ప్రతి కాగితం మీదా అంకెలు వెతుక్కునే పిచ్చి ఉండేది. ఒకరోజు ట్రంకు పెట్టెలో, ప్రమాదం నాడు కారులోంచి తెచ్చి ఇచ్చిన సామాన్లలో ఆ ప్లాస్టిక్ కవరు దొరికింది. చదవగలనా చూద్దామని విప్పాను. చదవాల్సిన అవసరమే రాలేదు. నాలుగు చక్రాలకు నాలుగు చోట్ల గడులు వేసి ఉన్నాయి. ముందు రెండింటి గడులు పచ్చగా ఉన్నాయి, వెనక రెండింటివి ఎర్రగా ఉన్నాయి. ఎరుపు చూడడానికి ఏ బడికి వెళ్ళాలి? ఆ ఉదయం ఒక్కసారి కళ్ళెత్తి ఉంటే నా చేతికి తెలిసిందే ఆ కాగితం కూడా చెబుతోందని వేలుపెట్టి చూపించి ఉండేదాన్ని.

ఆ కాగితం పట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వెనక ఎర్ర గడులు వాడికి చూపించాను.

"స్టీరింగు లాగుతోంది కదా, ముందు చక్రాలే చూసుకున్నానక్కా. స్ప్రింగులు కోశారు కాబట్టి వెనకవి ఇంతకన్నా సర్దుకోవు, చల్తా హై, నడిచిపోతుంది అన్నాడు మెకానిక్కు. నేనూ సరే అన్నాను."

"నువ్వు చదివి ఉంటావని నేను చూడలేదురా," అన్నాను.

మా అక్కాతమ్ముళ్ళ మధ్య ఆ విషయంలో నడిచిన మాటలు ఇంతే. వాడు ఆ తరవాత కారు కొనలేదు. ఇప్పటికీ నా ముందు ఏదైనా కాగితం తీస్తే తాను చదవడు, నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటాడు. నేను చదవడం ముగించేదాకా వాడి కళ్ళు నా ముఖం మీదే ఉంటాయి, అది నాకు బాగుండదు, అయినా వద్దని చెప్పలేను.

కింది వాటా అబ్బాయి కారు దగ్గర ఆగాను కదా. లోపలి అంచు నున్నగా ఉంది. చెప్పాను. నిన్ననే అలైన్‌మెంటు చేయించానని, రిపోర్టు ఓకే ఆంటీ అని అతను మర్యాదగానే నవ్వాడు. అడిగితే ఫోనులో ఉన్న రిపోర్టు చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా కిందిదాకా జరిపి, వెనక చక్రం గడి దగ్గర వేలు పెట్టాను. అక్కడ ఎరుపే ఉంది. అతని నవ్వు పోయింది. ఆ సాయంత్రం భార్యను బయటికి తీసుకెళ్ళడానికి ఆటో పిలిచాడు, మర్నాడు కారును పాత ఎత్తుకు లేపించడానికి ఇచ్చివచ్చాడు. మెట్ల మీద ఎదురై, ఇవన్నీ చదవడం మీకెలా తెలుసాంటీ అని అడిగాడు. ముందుగా కనిపెట్టిన చేతి సంగతి మాత్రం అడగలేదు.

షెడ్డు ఉన్నచోట ఇప్పుడు పెళ్ళిళ్ళ హాలు ఉంది, టైర్లను తడిమేవాళ్ళు లేరు, ఉస్తాద్‌జీ లేడు. యంత్రం అప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు, దాని మీద నాకు కోపం లేదు. మారింది నేనే. అప్పుడు చేతికి తెలిసేది, నోరు లేచేది కాదు. ఇప్పుడు ఎవరి కాగితమైనా అడిగి తీసుకుని చదవగలను, కానీ అరచెయ్యి మెత్తబడిపోయింది, మొన్న ఆ అంచు గుర్తుపట్టడానికి మూడుసార్లు తడమాల్సి వచ్చింది. నా రాత మాత్రం మారలేదు. మా అమ్మాయి ఎడమచేత్తో వేసి చూపించిన అక్షరాలు కదా, ఒక్కొక్కటీ ఎడమకు ఒరిగి ఉంటుంది, ఈ కాగితం మీద కూడా వరసలన్నీ అటే లాగుతున్నాయి. తిన్నగా రాయడం నేర్చుకోమని అదే ఎన్నోసార్లు చెప్పింది. నేనే నేర్చుకోలేదు.