గురువారం ఒక్కపొద్దు

ఎల్లారెడ్డిలో మా పక్కింటి గంగమణి బీడీలు చుడుతుంది. ఆమె కూతురు నిహారిక డిగ్రీ రెండో సంవత్సరం. ఆ పిల్ల మొదట సోమవారం ఒక్కపొద్దు పట్టింది, తర్వాత శనివారం, ఆ తర్వాత శుక్రవారం కూడా. ఈ కాలంలో ఇంత భక్తి ఏ పిల్లకుందని వాడకట్టంతా మెచ్చుకున్నాం. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది నేనే, నా నోరు పడిపోను! లావైపోతానన్న భయంతో తిండి మానేసి దేవుణ్ణి అడ్డం పెట్టుకుందని, కాలేజీలో కళ్లు తిరిగి పడ్డాక గానీ మాకు తెలియలేదు.

అప్పటి నుంచి ప్రతి గురువారం తల్లీకూతుళ్లు బస్సెక్కి కామారెడ్డి వెళ్తారు, తోడు నేను. అక్కడ ఆసుపత్రిలో ఓ చిన్న గదిలో కౌన్సెలింగ్ చేసే అనిల మేడం ఇలాంటి పిల్లలు ఐదారుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. మేం గోడవారగా కూర్చుంటాం. మారాలన్న కోరికకు పదికి ఎన్ని మార్కులు వేసుకుంటావని మేడం ఒక్కొక్కరినీ అడుగుతుంది. నిహారిక ఆరు వారాలూ రెండే అంది. ఇంకో కిలో తగ్గితే గుండెకు ముప్పని డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో గంగమణి పళ్లెం పట్టుకుని వెంటపడేది. "ఒక్క బుక్క తిను బిడ్డా. నువ్వు తింటే నా కడుపు నిండుతది."

మొన్న గురువారం ఆ పిల్ల "ఐదు" అంది. గంగమణి నా చెయ్యి పిసికేసింది. ఆ సంతోషంలో, అందరం కలిసి తిందామని మేడం అప్పుడే తలా ఒక ఇడ్లీ పెట్టింది. నిహారిక ముక్క తుంచి నోటిదాకా తెచ్చింది. సరిగ్గా అప్పుడే మేడం గంగమణికీ ప్లేటు అందించింది.

"నాకొద్దు మేడం. గురువారం ఒక్కపొద్దున్న. నా బిడ్డ మంచిగ తినాలె అని మొక్కుకున్న."

నిహారిక ముక్కను ప్లేటులో పెట్టేసింది. "గట్లయితే నాకు గూడ ఒక్కపొద్దే."

మేడం ఏదో చెప్పబోయింది. గంగమణి ఆగలేదు. మొక్కు సంగతి మరిచి ఇడ్లీ నోట్లో కుక్కుకుంది, నా ప్లేటులోదీ లాక్కుంది. పొలమారి కళ్ల వెంట నీళ్లు కారుతున్నా నములుతూనే, "తింటున్న సూడు బిడ్డా, నువ్వు గూడ తిను" అంది. ఆమెను ఆపాలో, పిల్లకు రెండు తగిలించాలో నాకు తోచలేదు.

నిహారిక లేచి వచ్చి తన ప్లేటు కూడా తల్లి ఒళ్లో పెట్టింది. ఆమె కొంగుతోనే ఆమె మూతి తుడిచింది.

"తిను అమ్మా" అంది మెల్లగా. "నువ్వు తింటే నా కడుపు నిండుతది."